పద్నాలుగు ఫారాల పుస్తకం

కాంపౌండరుకు ఒళ్ళు మండించే మాటలు లోకంలో చాలానే ఉన్నాయి కానీ, ఈ మధ్య వాటన్నిటినీ 'గురువుగారూ' అన్న పిలుపు మించిపోయింది. ఎవరు పిలిచినా కాదు, లిఫ్టు మెకానిక్ పిలిస్తేనే.

ఇద్దరూ హత్యల నవలలు రాసేవాళ్ళే. కాంపౌండరు పగలంతా ఆసుపత్రి మందుల కౌంటరులో మాత్రలు పొట్లాలు కట్టి, ఇంటికొచ్చి కాగితం మీద విషాలు కలిపేవాడు. తొమ్మిది నవలలు, తొమ్మిది విషాలు. మెకానిక్ ఊరంతా తిరిగి ఆగిపోయిన లిఫ్టులు బాగుచేస్తూ, షాఫ్టులో తాడుకు వేలాడుతున్నప్పుడు తట్టినవాటిని ఆదివారాలు కూర్చుని రాసుకునేవాడు. అతనిది ఒక నవల వచ్చింది, రెండోది రాబోతోంది.

ఇద్దరి పుస్తకాలూ వేసేది కాంపౌండరు మరదలు. టైర్ల కొట్టు మీద రెండు గదులు, అదే ఆమె ప్రచురణ సంస్థ. ముందు గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, నడుము ఎత్తున పుస్తకాల కట్టలు. వెనక గదిలో మళ్ళీ కట్టలే. కింద టైరులోకి గాలి ఎక్కిస్తుంటే పైన బల్ల మీద పెన్సిళ్ళు దొర్లేవి. పేరున్న ప్రచురణకర్తలు హత్యల నవలల్ని గుమ్మం కూడా తొక్కనివ్వని రోజుల్లో, నేను వేస్తాను, ఎవరేమనుకుంటే నాకేం అని ఆమె మొదలుపెట్టింది. మొట్టమొదట వేసింది బావగారి నవలే.

"మా అక్కనిచ్చి పెళ్ళి చేశాం, అది చాలక మీ పుస్తకాలు కూడా మేమే వెయ్యాలా బావగారూ" అని పదిహేనేళ్ళు వేళాకోళం ఆడింది. అక్క పోయాక ఆ వేళాకోళం మానేసింది.

అక్క పోయి ఏడాది దాటింది. ఆమె ఉన్నంతకాలం భర్త రాసినది మొదట చదివేది ఆమే. వంటింటి గట్టు మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ చదివేది. అరవై పేజీలు తిరగకముందే తలెత్తి, "నర్సే కదండీ చంపింది" అనేది.

"ఎలా తెలిసింది?"

"ఆవిడతో అందరూ మరీ మర్యాదగా మాట్లాడుతున్నారు. మీకు ఎవరిమీద అనుమానం రాకూడదో వాళ్ళకి మీరు మర్యాద ఎక్కువ చేస్తారు."

తొమ్మిదిసార్లూ ఆమె పట్టేసింది. అతను తొమ్మిదిసార్లూ మొహం మాడ్చుకుని, తొమ్మిదిసార్లూ లోలోపల మురిసిపోయాడు.

చివరి వారం ఆమె అతను పనిచేసే ఆసుపత్రిలోనే, రెండో అంతస్తులో ఉంది. ఒక మధ్యాహ్నం కౌంటరు ఇంకొకరికి అప్పజెప్పి పైకి వెళ్ళేసరికి దిండుకు ఆనుకుని పుస్తకం చదువుతోంది. మెకానిక్ మొదటి నవల. "ఎవరో చెప్పకండి" అంది చెయ్యి అడ్డం పెట్టి. రెండు రోజుల్లో పూర్తిచేసింది.

"ఎంత బాగా దాచాడండీ, నేను పట్టుకోలేకపోయాను" అంది. ఆ మాట అంటుంటే ఆమె మొహంలో వెలుగు వచ్చింది. నెలల తరబడి కళ్ళు కాయలు కాచేలా అతను ఎదురుచూసిన వెలుగు అది. దాన్ని తెచ్చింది తను కాదు. ఆ తర్వాత ఆమె ఇంకే పుస్తకమూ చదవలేదు.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది. పోయిన మనిషి మీద అలగలేం. బతికున్నవాడు దొరికాడు.

ఆ బతికున్నవాడు ఒకరోజు మందుల కౌంటరు దగ్గరికే వచ్చి, చీటీల వరసలో నిలబడి, తన వంతు రాగానే మందుల చీటీకి బదులు ఇంత మందాన కాగితాల కట్ట లోపలికి తోశాడు.

"రెండోది గురువుగారూ. మీరు ఒకసారి చూసి, చెత్తగా ఉంటే చెత్తగా ఉందని చెప్పండి."

"వెనక జనం ఉన్నారు."

"నిదానంగానే చూడండి గురువుగారూ."

కాంపౌండరు నిదానంగా చూడలేదు. రెండు రోజుల్లో చదివేశాడు. ఆరంతస్తుల భవనంలో ఒక ముసలాయన లిఫ్టులో చచ్చిపడి ఉంటాడు. ఆ ఉదయం తాము లిఫ్టులోనే దిగామని అందరూ చెబుతారు. చంపినవాడు ఆరో అంతస్తు డెంటిస్టు అని ఆఖరి అధ్యాయందాకా కాంపౌండరుకు తట్టలేదు. అప్పుడే కడిగిన మెట్ల మీదుగా దిగాడు కాబట్టి ఆ ఉదయం అతని ప్యాంటు అంచులు తడిశాయట. ఎక్కడ తడిశాయి, ఎవరు చూశారు, వీడు నన్ను మోసం చేశాడు అనుకుంటూ కాంపౌండరు వెనక్కి తిప్పాడు. దొరికింది. పాలవాడూ వాచ్‌మనూ మెట్ల దగ్గర నిలబడి వాగే వాగుడులో, రెండు తిట్ల మధ్య ఒక చిన్న ముక్క. అది చూశాక లేచి గదిలో కొంచెంసేపు తిరిగి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. మూడోసారి చదివింది తప్పులు పట్టడానికే. ఒక్కటీ చిక్కలేదు.

బాగుందని ముక్తసరిగా ఒక చీటీ రాసి కట్ట తిప్పి పంపాడు.

ఆ నెలలోనే మరదలు పిలిపించింది.

"మీ పదోది తర్వాత వేద్దాం బావగారూ. ముందు ఇతనిది వెళ్తుంది. షాపులవాళ్ళు అడుగుతున్నారు."

"నాది అడగటం లేదా?"

"అడక్కేం. మీది ఉప్పులాంటిది. ఎప్పుడు తెచ్చినా పోతుంది. ఇతనిది పండు. పండినప్పుడే అమ్ముకోవాలి."

"ఉప్పా."

"పొగడ్తే బావగారూ. మొహం అలా పెట్టకండి."

ఆ సంస్థలో ఒక పద్ధతి ఉంది. ప్రూఫులు దిద్దడానికి వేరే మనిషిని పెట్టుకునే తాహతు లేక, ఒక రచయిత పుస్తకం ఆఖరి ప్రూఫులు ఇంకో రచయిత చూడాలని మరదలు మొదట్లోనే పెట్టింది. ప్రతి పేజీ కింద పెన్సిలుతో గీత, చివరి పేజీలో సంతకం. ఆ సంతకం పడితే ఆమె మళ్ళీ చూడకుండా ప్రెస్సుకు పంపేస్తుంది. మెకానిక్ పుస్తకం ప్రూఫులు సహజంగానే బావగారికి వచ్చాయి.

అతను గీతలు పెట్టుకుంటూ వచ్చి అయిదో అధ్యాయం దగ్గర ఆగాడు. పాలవాడు లేడు. వాచ్‌మన్ లేడు. వాళ్ళ వాగుడు రెండు పేజీలూ ఎగిరిపోయి, పై పేరా కింది పేరాతో అతుకు కనబడకుండా కలిసిపోయింది.

ఏం జరిగిందో అతనికి వెంటనే అర్థమైంది. పదహారు పేజీలు ఒక ఫారం. పుస్తకం ఫారాల లెక్కకు సరిపోవాలి. రెండు పేజీలు ఎక్కువైతే వాటికోసం ఇంకో ఫారం వేసి, మిగతా పద్నాలుగు పేజీలు ఖాళీగా వదలాలి. అలాంటప్పుడు మరదలు ఎక్కడో పనికిరాని రెండు పేజీలు చూసి తీసేస్తుంది. అతని నాలుగో నవలలో మంచి వాన ఒకటి అలాగే పోయింది. ఇప్పుడు కూడా మొత్తం పుస్తకంలో ఉత్త కబుర్లలా కనిపించిన చోటు చూసి పీకేసింది. మెకానిక్ ఆధారాన్ని ఎంత బాగా దాచాడంటే, పదిహేనేళ్ళు హత్యల నవలలు వేసిన మనిషికి కూడా అది చెత్తలా కనిపించింది.

అది తలుచుకుంటే కాంపౌండరు కడుపు ఇంకాస్త మండింది. తన నవలల్లో ఎప్పుడూ వానలే పోయాయి కానీ ఆధారాలు పోలేదు. తన ఆధారాలు అలా కనిపించేవి కావు.

మర్నాడు సాయంత్రం కట్ట తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు.

"ఏమైనా ఉన్నాయా?" అంది మరదలు చిరునామాలు రాసుకుంటూనే.

"అక్షరదోషాలు నాలుగు. గుర్తుపెట్టాను."

"అంతేనా?"

"అంతే."

అచ్చుతప్పులు చూడమన్నారు, చూశాను అని తనకు తను చెప్పుకున్నాడు. కథ ప్రచురణకర్తది, రాసినవాడిది. మధ్యలో నేనెవర్ని. చివరి పేజీ తిప్పి సంతకం పెట్టాడు. చెయ్యి వణకలేదు. అందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

పుస్తకం వచ్చింది. తన ప్రతి చేతికి రాగానే నేరుగా అయిదో అధ్యాయం తీసి చూశాడు. రెండు పేజీలూ లేవు. మూసి పక్కన పెట్టాడు. ఇక పాఠకులు చూసుకుంటారు. ఆఖర్న తడిసిన ప్యాంటు ఆకాశంలోంచి ఊడిపడితే హత్యల నవలలు చదివేవాళ్ళు ఊరుకోరు. ఉతికి ఆరేస్తారు.

రెండు వారాలు ఎదురుచూశాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున గ్రంథాలయం మేడ మీద పాఠకుల సమావేశం. నలభై కుర్చీలు వేస్తే ఇంకో పది తెప్పించాల్సి వచ్చింది. కాంపౌండరు వెనక వరసలో కూర్చున్నాడు. అతని ఆశంతా జడ్జిగారి మీదే. ఆయన అసలు ఉద్యోగం రైల్లో టిక్కెట్లు తనిఖీ చేయడం. రిటైరయ్యాక ప్రతి పుస్తకానికీ తీర్పు చెబుతుంటాడని ఆ పేరు వచ్చింది. కాంపౌండరు ఆరో నవలలో ఒక మందు మోతాదు తప్పిందని అరగంట నిలబెట్టి కడిగేసిన మనిషి.

జడ్జిగారు లేచి కళ్ళజోడు తీశాడు.

"నేను మూడుసార్లు ఊహించాను. మూడుసార్లూ తప్పాను. నలభై ఏళ్ళుగా చదువుతున్నాను, ఇంత చిత్తుగా ఎప్పుడూ ఓడిపోలేదు." వెనక వరసకేసి చూసి నవ్వాడు. "గురువుగారు ఏమీ అనుకోకపోతే, శిష్యుడు మించిపోయాడు."

చప్పట్లు మోగాయి. కాంపౌండరు కూడా కొట్టాడు.

కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ మాత్రం పుస్తకం తిరగేస్తూ, "ఆ ప్యాంటు తడిసిందని ముందు ఎక్కడుందండీ? నాకు కనిపించలేదు" అంది.

కాంపౌండరు వెన్ను నిటారైంది.

"ఉంటుందమ్మా. మనం గమనించి ఉండం. అదే కదా ఇతని గొప్ప" అన్నాడు జడ్జిగారు.

ఆవిడ తలాడించి పుస్తకం మూసేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా, అవునవును, ఎక్కడో ఉంటుంది, గమనించం అన్నారు. ఆధారమే లేని పుస్తకంలో ఎవరైనా ఎలా ఊహిస్తారు. పుస్తకాన్ని చంపుదామని తను పెట్టిన సంతకమే దానికి కిరీటం పెట్టింది.

ముందు బల్ల దగ్గర కూర్చున్న మెకానిక్ ఒక్కడు నవ్వడం లేదు. తన పుస్తకం తనే తెరిచి పేజీలు తిప్పుతున్నాడు. ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి, ఒకచోట వేలు పెట్టి తలెత్తాడు.

సమావేశం అయ్యాక వరండాలో మంచినీళ్ళ దగ్గర కాంపౌండర్ని పట్టుకున్నాడు. వేలు ఇంకా పుస్తకంలోనే ఉంది.

"గురువుగారూ, పాలవాడు లేడు."

కాంపౌండరు గ్లాసులో నీళ్ళు తాగాడు.

"ఫారం కోసం మేడమ్ తీసి ఉంటారు. రెండు పేజీలు ఎక్కువయ్యాయి, తీస్తున్నానని ఫోన్ చేశారు. నేను షాఫ్టులో ఉన్నాను. మీకు తెలియనిదా మేడమ్, మీ ఇష్టం అన్నాను. ఏ పేజీలో అడగలేదు, బుద్ధిలేదు నాకు. ఆవిణ్ణి అనడానికి కూడా లేదు. అది ఉత్త వాగుడులా ఉండాలనే రాశాను."

"ఊఁ."

"మీకూ కనబడలేదన్నమాట." మెకానిక్ మొహంలో బాధ ఉంది, దాని అడుగున ఇంకేదో కూడా ఉంది. "మీరు రాతప్రతి చదివారు, ప్రూఫులు చూశారు. మీ కంటికే ఆనలేదంటే, గురువుగారూ, నేను మరీ లోతుగా దాచేసినట్టున్నాను."

తప్పించుకునే దారి అతనే తెరిచి పెట్టాడు. అవునోయ్, చూసుకోలేదు అంటే సరిపోయేది. అలా అంటే లోపలున్న యాభైమంది సరసన తనూ చేరినట్టు. తన ఇంట్లో అప్పటికే ఒకరు వీడి చేతిలో ఓడిపోయారు. రెండోవాడుగా నిలబడటం కాంపౌండరు వల్ల కాలేదు.

"కనబడింది" అన్నాడు.

"ఏది?"

"పాలవాడు క్యాను కింద పెట్టి, మెట్లు ఇప్పుడే కడిగారా అంటాడు. వాచ్‌మన్ కుళాయి బాగుచేసినవాణ్ణి తిడుతుంటాడు. మధ్యలో డెంటిస్టు వాళ్ళకి దారివ్వమని చెప్పి వెళ్ళిపోతాడు. ప్యాంటు అంచులు మడమల దగ్గర నల్లగా ఉన్నాయని ఒక్క ముక్క. తడిగా అనలేదు నువ్వు. నల్లగా అన్నావు. చదివినవాడు మురికి అనుకుని పోతాడు. అక్కడుంది నీ తెలివంతా."

మెకానిక్ తన వేలు ఉన్న పేజీకేసి చూశాడు.

"ప్రూఫుల్లో అది లేదని..."

"తెలుసు."

"తెలిసే సంతకం పెట్టారు."

"పెట్టాను."

"ఎందుకండీ?"

"ఎందుకో చెబితే నీకు సంతోషంగా ఉంటుంది. అందుకే చెప్పను."

లోపల కుర్చీలు మడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మెకానిక్ పుస్తకంలోంచి వేలు తీశాడు.

"ఎన్నిసార్లు చదివితే అంత నోటికొచ్చింది?"

"మూడు."

"మా ఆవిడైనా ఒక్కసారే చదివింది" అన్నాడు మెకానిక్. నవ్వబోయి మానుకున్నాడు. "రెండో ముద్రణ ఎల్లుండి ప్రెస్సుకి వెళ్తోందట. ఈ పుస్తకం ఇలాగే మళ్ళీ వస్తే నేను దొంగనే. మేడమ్‌తో నేను చెప్పను. మీరు చెప్పండి."

మర్నాడు ఆసుపత్రికి సెలవు పెట్టి కాంపౌండరు టైర్ల కొట్టు మెట్లు ఎక్కాడు. మరదలు కట్టలకు తాడు బిగిస్తోంది.

"ఏంటి బావగారూ పొద్దున్నే. ఆసుపత్రిలో జబ్బులు అయిపోయాయా?"

అతను కూర్చోకుండానే చెప్పాడు. చెప్పడానికి నాలుగు వాక్యాలు కూడా పట్టలేదు. ఆమె తాడు వదిలేసి కుర్చీలో కూర్చుంది.

"చూసి కూడానా?"

"చూసి కూడా."

"మీరు సంతకం పెడితే నేను కళ్ళు మూసుకుని పంపుతాను. ఇప్పుడూ కళ్ళు మూసుకునే పంపాను." అతనికేసి తిరిగింది. "ఏం చేశాడు బావగారూ అతను మిమ్మల్ని?"

"మీ అక్క ఆఖరుగా చదివింది అతని పుస్తకం."

"తెలుసు. తీసుకెళ్ళి ఇచ్చింది నేనేగా. మీవి రెండు పట్టుకెళ్తే, ఇవన్నీ నాకు నోటికొచ్చు, కొత్తది తేవే అంది."

"బాగా దాచాడంది."

"అయితే?"

కింద టైరులోకి గాలి ఎక్కడం మొదలైంది. అతను దొర్లబోయిన పెన్సిలు పట్టుకుని సరిగా పెట్టాడు. గాలి ఆగింది.

"అక్క ఉంటే ఇప్పుడు మిమ్మల్ని ఏమనేదో తెలుసా?" అంది మరదలు.

"తెలుసు."

"అయితే నేను వేరే అనక్కర్లేదు. కూర్చోండి, పని చూద్దాం."

రెండో ముద్రణకు కాగితం పద్నాలుగు ఫారాలకే కోయించి పెట్టారు. పాలవాడూ వాచ్‌మనూ తిరిగి రావాలంటే ఇంకెక్కడో రెండు పేజీలు పోవాలి. ఆమె పేజీల కట్ట, ఎర్ర పెన్సిలు అతని ముందుకు తోసింది.

"మూడుసార్లు చదివారుగా. ఏవి తీయాలో మీరే చెప్పండి."

అతను మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాడు. ముసలాయన కోడలితో గొడవపడే చోటు ఆగాడు. అది తీస్తే ఆఖర్న కోడలి ఏడుపు అర్థం కాదు. కరెంటు పోయే చోటు ఆగాడు. అది తీస్తే సమయం లెక్క తప్పుతుంది. పెన్సిలు పైకి లేచి, కాగితానికి తగలకుండానే పక్కకి జరుగుతూ పోయింది. గంటన్నర గడిచింది. చివరి పేజీ తిప్పి కట్ట సర్ది పెట్టాడు.

"ఇందులో తీయడానికి ఏమీ లేదు" అన్నాడు.

"ఉంది" అంది మరదలు. "ముందు పేజీలు చూశారా?"

"అవి నాకివ్వలేదు."

"ఇవ్వొద్దన్నాడు. అచ్చయ్యాక మీ అంతట మీరే చూడాలన్నాడు. ఇంట్లో పుస్తకం ఉందిగా, చదవలేదా?"

"లేదు."

ఆమె కట్ట కింద నుంచి రెండు కాగితాలు లాగి ఇచ్చింది. ముందుమాట. పైన 'మా గురువుగారు' అని ఉంది. పనిలో చేరిన కొత్తలో, భయంతో షాఫ్టులోకి దిగలేక గట్టు మీద కూర్చుని ఏడుస్తున్న రోజున, ఫుట్‌పాత్ మీద ఒక పాత నవల కొన్నానని రాశాడు మెకానిక్. అందులో ఒక మనిషి మందు కొలుస్తుంటే సీసా అంచు గ్లాసుకు తగిలి టకటకమంటుందట. చంపేవాడి చెయ్యి కూడా వణుకుతుందని, భయపడుతూనే పని చెయ్యొచ్చని ఆ టకటక తనకు చెప్పిందట. ఆ మర్నాడే షాఫ్టులోకి దిగాడట. ఇలా రెండు పేజీలూ కాంపౌండరు గురించే.

"మీకు ప్రూఫులు ఇవ్వడానికి రెండు రోజుల ముందు పంపాడు" అంది మరదలు. "అప్పటిదాకా పుస్తకం సరిగ్గా పద్నాలుగు ఫారాలే ఉంది. దీనికి చోటు చెయ్యడానికే పాలవాణ్ణి తీశాను."

కాంపౌండరు రెండో కాగితం చివరిదాకా చదివి, మళ్ళీ మొదటిది చదివాడు.

"ఇది తీసెయ్" అన్నాడు.

"రాసినవాణ్ణి అడగాలి. ఈసారి అడిగే తీస్తాను."

ఫోన్ కలిపి బల్ల మీద పెట్టింది. అవతల ఎక్కడో ఇనుము మీద ఇనుము మోగుతోంది. విషయం చెప్పింది.

"తీసేయండి మేడమ్" అన్నాడు మెకానిక్.

"కంగారు లేదు. ఆలోచించుకుని సాయంత్రం చెప్పు."

"ఆలోచించే చెబుతున్నాను. మీరు ఫోన్ చెయ్యకపోతే నేనే చేద్దామనుకున్నాను, అది తీసేయమని." ఇనుము చప్పుడు ఆగింది. "ఆయన పక్కనే ఉన్నారా?"

"ఉన్నారు."

"చెప్పేశారు కదా. థాంక్స్ అనండి." ఫోన్ పెట్టేశాడు.

కాంపౌండరు ఎర్ర పెన్సిలు తీసుకుని రెండు కాగితాల మీదా ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్కో గీత గీశాడు. గీత కింద అక్షరాలన్నీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఆ కాగితాలు తనకివ్వమని అడగాలనుకున్నాడు. అలా అడిగే మొహం తనకు లేదనిపించింది. ఇంట్లో బీరువా మీద పెట్టిన పుస్తకంలో అవి ఉన్నాయి కానీ, దాన్ని మళ్ళీ ఎప్పటికి తెరుస్తాడో అతనికే తెలియదు.

మరదలు చెయ్యి చాచింది. ఇచ్చాడు. వాటి వెనక వైపు ఖాళీగా ఉంది. ఆమె కాగితాలు బోర్లించి, ప్రెస్సువాళ్ళకు ఏ పేజీ ఎక్కడ చేర్చాలో ఒకటొకటిగా రాయడం మొదలుపెట్టింది. మధ్యలో తలెత్తకుండానే, "అయిదో అధ్యాయంలో ఏ పేరా తర్వాత బావగారూ?" అని అడిగింది.

అతను చూడకుండానే చెప్పాడు.